శాసనము చేయబడినది

శావల్యాపురం,
3-10-48.

చిరంజీవి తమ్ముడు పుల్లారావును అక్క యశోద ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన గెజెట్టు కాగితం మొన్న మంగళవారం చేరింది. మద్రాసులో గవర్నమెంటు వారి తర్జుమా ఆఫీసంటే ఏదో కాగితాలు ఎత్తి దించే పని అనుకున్నాను గాని, చట్టాలకు తెలుగు నీ చేతి మీదుగా వస్తుందని ఇప్పటిదాకా నాకు తెలియదు. 'కింద ఎర్ర సిరాతో గీత గీసిన వాక్యం నాది, చదివి చూడు' అని రాశావు. చదివాను. పదిసార్లు చదివాను. "ఇందుమూలముగా ఈ క్రింది విధముగా శాసనము చేయబడినది." దాని కిందనే ఉంది, పెళ్ళాం బతికుండగా మగవాడు ఇంకో పెళ్ళి చేసుకుంటే అది చెల్లదని, చేసుకున్నవాడికి శిక్ష అని. ఒరేయ్, నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

నీకు ఒక సంగతి రాయకుండా దాచాను. ఆరు నెలల నుంచి మీ బావ ఎద్దుల బేరమని చెప్పి బెల్లంకొండ పోయి వస్తున్నాడు. అది ఎద్దుల బేరం కాదు. అక్కడ ఒక పిల్లను చూసుకున్నాడు. వైశాఖంలో ముహూర్తం అనుకున్నారు. మన అన్నపూర్ణ పుట్టి తొమ్మిదేళ్ళయింది, తర్వాత కడుపు పండలేదు, వంశానికి మగపిల్లవాడు కావాలి, అదీ కారణం. "నిన్నేమన్నా ఎల్లగొడతన్నానా? నువ్వూ ఉంటావు, అదీ ఉంటది. పెద్దదానివి, నీ పెత్తనం నీకే ఉంటది" అంటాడు. ఆ మాట అనేటప్పుడు నాకేదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెడతాడు.

అందుకని బుధవారం మధ్యాహ్నం అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, నీ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏందే అది?" అన్నాడు. "చట్టం. మా తమ్ముడు రాసింది" అన్నాను. కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, మజ్జిగ పోసుకోకుండానే లేచి పోయాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆఖరి మాట నాది కావడం ఇదే మొదలు.

కాగితం పైన 'బిల్లు' అని పెద్ద అక్షరాలతో ఉంది. అది ఆ కాగితం వెల తాలూకు బిల్లా? నువ్వు కట్టావా, నన్ను కట్టమంటావా?

ఇట్లు,
అక్క యశోద.


మద్రాసు,
9-10-48.

మహాలక్ష్మీ సమానురాలైన అక్కయ్యకు తమ్ముడు పుల్లారావు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. బెల్లంకొండ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ కాగితం పంపేటప్పుడు నాలుగు ముక్కలు వివరంగా వ్రాసి ఉండేవాడిని. అక్కా, అది చట్టం కాదు. బిల్లు అంటే వెల చీటీ కాదు, శాసనసభ ముందు పెట్టబోయే చిత్తు. ముందు జనం చూసుకోవడానికి గెజెట్టులో వేస్తారు. తరువాత రెండు సభలూ చర్చించి ఒప్పుకోవాలి. ఆపైన ఢిల్లీ నుంచి గవర్నర్ జనరల్ గారి ఆమోదం రావాలి. వచ్చాక మళ్ళీ గెజెట్టులో పడాలి. అప్పుడు గాని అది చట్టం కాదు.

మరి 'చేయబడినది' అని ఎందుకు ఉందంటావు. అది పద్ధతి. బిల్లు అచ్చయినప్పుడే ఆ వాక్యం అందులో వేసి ఉంచుతారు. పాసయిన తరువాత పైన 'బిల్లు' అన్న మాట తీసి 'చట్టము' అని పెడితే సరిపోతుంది, లోపల కదిలించనక్కరలేదు. ఇంగ్లీషులోనూ అలాగే ఉంటుంది. ఆఫీసులో మాకు ఇది అలవాటైపోయి, బయటివాళ్ళు దీన్ని ఎలా చదువుకుంటారో అన్న ఆలోచనే రాదు.

నువ్వు కంగారు పడకు. వైశాఖం దాకా వ్యవధి ఉంది. అప్పటికి చట్టం అయి తీరుతుందని మా ఆఫీసులో అందరి నమ్మకం. ఈలోగా బావ దాన్ని చట్టమనే అనుకుంటూ ఉండనీ. నువ్వు మాత్రం ఆ కాగితం ఎవరికీ చూపించకు.

ఇట్లు,
నీ తమ్ముడు పుల్లారావు.


శావల్యాపురం,
20-10-48.

చిరంజీవి పుల్లారావును ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని రాశాననుకో. ఆ ముక్క లేకపోతే ఉత్తరం మొదలు కాదు గదా. నీ చట్టాల్లాగే.

ఎవరికీ చూపించవద్దన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికి నేను నరసరావుపేట కోర్టు దాకా పోయి చూపించి వచ్చాను. మీ బావ మాట్లాడకుండా తిరుగుతుంటే అనుమానం వచ్చి, చట్టం ఉందిగదా, ముందుగానే ఒక ప్లీడరు చేత నోటీసు ఇప్పిద్దామని అన్నపూర్ణను వెంటబెట్టుకుని రైలెక్కాను. ప్లీడరు కాగితం చూసి, గుమాస్తాను పిలిచి, వరండాలో ఉన్న ఇంకో ఇద్దరిని కూడా పిలిచి చూపించాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా నీ ఎవ్వారం. ఇది ఇంకా బిల్లు" అన్నాడు. అందరూ నవ్వారు. కొడుకు లేదనే గదరా నా గోల అంతా. ఆ సామెత నా మొహాన చెప్పి మరీ నవ్వారు. అన్నపూర్ణ నా కొంగు పట్టుకుని "వాళ్ళెందుకు నవ్వతన్నారమ్మా?" అని అడుగుతూనే ఉంది.

బయట కోర్టు గోడ పక్కన మన జాన్ సాహెబ్ బాబాయి దస్తావేజులు రాసుకుంటూ కనబడ్డాడు. నాన్నకు పొలం కాగితాలన్నీ రాసిపెట్టింది ఆయనే గదా. కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించి, కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. "అమ్మా, ఇది శుభలేఖ లాంటిదనుకో. లగ్గం ఇంకా కాలా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "శుభలేఖలో 'వివాహము జరుగును' అని వేస్తారు గాని 'జరిగినది' అని వేస్తారా బాబాయ్?" అన్నాను. "నువ్వన్నదే నిజం. ముప్పై ఏళ్ళ నించి రాస్తన్నా. 'అమ్మివేసినాను' అని రాస్తా. 'అమ్మివేయబడినది' అని రాశాననుకో, రిజిస్ట్రారు 'ఎవుడమ్మాడయ్యా?' అని కాగితం మొఖాన కొడతాడు" అన్నాడు.

నేనూ అదే అడుగుతున్నాను. చేయబడినది అంటే ఎవడు చేశాడురా? చేసినవాడు ఏడీ? ఇంట్లో కుండ పగిలితే పగలగొట్టినవాళ్ళే 'పగిలింది' అంటారు. మిగతావాళ్ళు 'ఫలానావాడు పగలగొట్టాడు' అంటారు. మీ గవర్నమెంటు వారు ఏ కుండ పగలగొట్టారని అంత దాక్కుని మాట్లాడతారు?

నేను ఇల్లు చేరేలోపలే కబురు చేరింది. కోర్టులో మా ఊరివాడెవడో ఉన్నాడట. మీ బావ గుమ్మంలో నిలబడి "బిల్లంటగా?" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రోజు రెండుసార్లు మజ్జిగ పోయించుకున్నాడు.

అక్క యశోద.


మద్రాసు,
2-11-48.

అక్కయ్యకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ కోపం న్యాయమైనదే. ఆ వాక్యం గురించి నాకూ బాధ ఉంది. నేను మొదట 'శాసనము చేయుదురు గాక' అని వ్రాశాను. సూపరింటెండెంటు గారు కొట్టివేశారు. "ఇది ఆశీర్వచనమా, చట్టమా?" అన్నారు. 'శాసనసభ వారు శాసనము చేయుచున్నారు' అని మార్చి పట్టుకుపోయాను. "ఇంగ్లీషులో సభ వారి పేరు ఉన్నదా? లేనిదాన్ని నీవెందుకు తెస్తావు?" అని అదీ కొట్టివేశారు. చివరకు 'చేయబడినది' దగ్గర ఆగాము. తెలుగులో అలా ఎవరూ మాట్లాడరని అన్నాను. "తెలుగులో మాట్లాడేవారు చట్టాలు చేసినప్పుడు చూద్దాము" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకంటే ముందున్నవారూ అలాగే చేశారు. మరి అంత కొట్టుడు పడ్డ వాక్యం కింద ఎర్ర గీత గీసి నీకెందుకు పంపానంటే, అచ్చులో చూసుకునేసరికి ముచ్చట వేసింది. అంతే.

సభ పని సాగుతోంది. మాట్లాడవలసినవారు చాలామంది ఉన్నారు. ఒక ఆసామి, ఈ బిల్లు వస్తే పితృదేవతలకు నీళ్ళు వదిలేవాడు ఉండడని గంటసేపు మాట్లాడాడట. అయినా పాసవుతుంది. నువ్వు ధైర్యంగా ఉండు.

ఇంకొకటి. బావ ఈ మధ్య నా గురించి ఏమైనా అన్నాడా? నా ఉద్యోగం గురించి గాని, ఉత్తరం పత్తరం గురించి గాని? ఊరికే అడుగుతున్నాను. అన్నపూర్ణకు పలక బలపాలు పంపుతున్నాను.

తమ్ముడు పుల్లారావు.


శావల్యాపురం,
20-1-49.

పుల్లారావుకు,

ఉభయకుశలోపరి అని రాయను. ఇక్కడ కుశలం లేదు. అక్కడ కుశలంగా ఉంటే నీ అంత మొండివాడు లేడు.

ముహూర్తం వైశాఖం నుంచి మాఘానికి జరిపారు. వచ్చే నెల పదకొండో తారీకు. పత్తి తీయకుండా, మిరపకాయ చేలో ఉండగా, ఈ పెళ్ళి తొందరేందని ఊరంతా నోరు నొక్కుకుంటున్నారు. మీ బావ అరుగు మీద కూర్చుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు. "చట్టం మార్చి నెల దాకా రాదంట. అది రాకముందు చేసుకున్నోడికి శిచ్చ లేదంట. ఉత్తపుణ్యానికి కాదు, మద్రాసు నించి రాయించుకున్నా."

ఎవరబ్బా ఇంత పెద్ద స్నేహితుడు మద్రాసులో అనుకున్నాను. నిన్న ఉతకడానికి చొక్కా తీస్తే లోపలి జేబులో కాగితం తగిలింది. "సదరు బిల్లు మార్చి మాసములోపుగా అమలులోనికి వచ్చు సూచనలు లేవు. అమలు తేదీకి పూర్వము యథావిధముగా జరిగిన వివాహములకు సదరు శిక్ష వర్తించదు."

సంతకం చూడలేదు. చూడనక్కర్లేదు. విధము అనే చోట 'ధ' పొట్ట కింద గీత లేదు. నీకు ఆరేళ్ళప్పుడు దుర్గిలో మన వాకిట్లో ఇసక పోసి నీ వేలు పట్టుకుని దిద్దించింది నేను. ఆ గీత మరిచిపోతావని చీపురుపుల్లతో నీ చేతి మీద కొట్టింది నేను. ఇప్పటికీ మరిచిపోతున్నావు.

కంచే చేను మేసిందిరా. ఇంక నేనెవరికి చెప్పుకోను?

ఎందుకు రాశావో ఆ ఒక్కటీ చెప్పు.

యశోద.


మద్రాసు,
26-1-49.

అక్కయ్యకు నమస్కారములు.

జరిగినది దాచడం వలన ప్రయోజనం లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన కొద్ది రోజులకే, దసరా సెలవులు కాగానే, బావ నుంచి ఒక ఉత్తరం అందినది. మాచర్లలో ఒక స్నేహితుడికి ఆ బిల్లు విషయమై సందేహం ఉన్నదని, అమలు తేదీ మొదలైన వివరాలు తెలుపవలసినదని అందులో కోరబడినది. స్నేహితుడి కోసమే అని భావింపబడినది. ఆఫీసు పని ఒత్తిడిలో సమాధానము పంపబడినది. దాని ఫలితం ఇలా ఉంటుందని ఊహింపబడలేదు. పొరపాటు జరిగినది. తరువాత నీకు తెలుపుదామనుకుని కూడా తెలుపబడలేదు.

అయితే ఒక మంచి సంగతి. ఈ గొడవలో పాత కాగితాలు తిరగవేస్తుంటే ఒకటి కనిపించింది. భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భార్య వేరే ఇంట్లో ఉండి అతని నుంచి మనోవర్తి పొందవచ్చునని ఢిల్లీ వారు రెండేళ్ళ కిందటే ఒక చట్టం చేశారు. అది బిల్లు కాదు, నిజంగా చట్టమే, అమలులో ఉంది. ఢిల్లీది కావడం వలన మా ఆఫీసుకు రాలేదు, అందుచేత నేను చూడలేదు. ఇంగ్లీషు ప్రతి జత చేస్తున్నాను. జాన్ సాహెబు గారి ద్వారా ఎవరిచేతనైనా చదివించుకోగలవు.

పెళ్ళి ఆపడానికి నేను వచ్చి బావతో మాట్లాడమంటే వస్తాను. సెలవుకు అర్జీ పెట్టబడినది.

పుల్లారావు.


శావల్యాపురం,
16-2-49.

పుల్లారావుకు,

సెలవుకు అర్జీ పెట్టబడిందన్నావు. నువ్వు రాలేదు. పెళ్ళి అయిపోయింది.

బెల్లంకొండలో లగ్గం. నన్ను కూడా బండెక్కించుకుని పోయారు, పెద్దభార్య కళ్ళెదుట ఉంటే ఎవరూ నోరెత్తరని. పిల్ల తండ్రికి చివరి నిమిషంలో భయం పుట్టింది. "ఏదో చట్టమంటన్నారు గదయ్యా, రేపు నా కూతురి గతేంది?" అని పందిట్లో నిలబడి అడిగాడు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. అప్పుడు మీ బావ జేబులో నుంచి నీ ఉత్తరం తీశాడు. లగ్నపత్రిక చదివినట్టు అందరికీ గట్టిగా చదివి వినిపించారు. "పెద్దామె సొంత తమ్ముడే రాశాడు, గవర్నమెంటులో పని" అని ఒకాయన చెప్పాడు. అందరూ నా వైపు తిరిగి తల ఊపారు. మేళం మొదలైంది.

ఆ పిల్ల పేరు ధనమ్మ. పదిహేడేళ్ళుంటాయి. నిన్న పొద్దున పెరట్లో నా పక్కన కూర్చుని "అక్కా, నీకు నా మీద కోపమా?" అంది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిస్తే గదా. ఆ పిల్ల చేసిందేముంది?

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. అందినది, కోరబడినది, భావింపబడినది, పంపబడినది. ఏందిరా ఇది? పంపబడింది అంటావా? దానికదే లేచి పోస్టు డబ్బా దాకా నడిచి పోయిందా? నువ్వు కూర్చుని, కలం సిరాలో ముంచి, నీ చేత్తో రాసి, నువ్వు నాలుకతో తడిపి అంటించావు. ఆ మొదటి ఎనిమిది వాక్యాల్లో ఒక్కచోట కూడా 'నేను' లేదు. నీకు ఆ ఆఫీసు తెలుగు నేర్పిందో, ఆ ఆఫీసుకు నువ్వే నేర్పావో తెలియడంలేదు గాని, దాక్కోవడానికి బాగుంది.

ఇక ఢిల్లీ చట్టం. రెండేళ్ళ నుంచి ఉందా? నేను ఇక్కడ బిల్లు పట్టుకుని కోర్టు వరండాలో నవ్వులపాలవుతుంటే, నాకు పనికొచ్చే చట్టం ఇంగ్లీషులో పడుకుని ఉందా? కానిదానికి తెలుగు రాసి పంపావు. అయినదానికి తెలుగు లేదు. నీ ఇంగ్లీషు కాగితం దాచిపెట్టాను. ఎప్పుడైనా అక్కరకొస్తే జాన్ సాహెబ్ బాబాయి చూస్తాడు.

నాన్న నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల చేను దుర్గిలో ఉంది. ఇల్లు నీది, తాళం నీ దగ్గరుంది. ఎందుకు చెబుతున్నానో తెలివిగలవాడివి, నీకే తెలుస్తుంది.

యశోద.


మద్రాసు,
2-4-49.

అక్కా,

వచ్చింది. ఢిల్లీ ఆమోదం వచ్చింది. బిల్లు అన్న మాట తీసేసి చట్టము అని వేశారు. బావ పెళ్ళయిన నలభై రోజులకు. తెలుగు ప్రతి మళ్ళీ నా బల్ల మీదకే వచ్చింది. ఆ వాక్యం దగ్గర 'చేయబడినది' కొట్టేశాను. 'శాసనము చేసితిమి' అని రాసి పట్టుకుపోయాను. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు పైకి నెట్టి "ఎవరు చేసితిరి? నీవా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నీకు ఆ కోర్టు వరండా ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

నువ్వు అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

బావకు నేను రాశాను. అప్పటికి నీ ఉత్తరం నా పెట్టెలో ఉంది, బెల్లంకొండ సంగతి నాకు తెలుసు. మాచర్ల స్నేహితుడనేది అబద్ధమేమోనని అనుమానం వచ్చింది. వచ్చినా రాశాను. ఎందుకంటే ఆయన ఉత్తరం మీద 'మహారాజశ్రీ పుల్లారావు గారికి' అని ఉంది. పదకొండేళ్ళుగా నన్ను 'ఒరేయ్ పుల్లిగా' అని పిలిచి, నీ పెళ్ళిలో నా చేత ఎద్దులకు నీళ్ళు పెట్టించిన మనిషి నన్ను గారు అన్నాడు. అక్కా, ఆ రెండక్షరాలకు నేను నిన్ను అమ్ముకున్నాను. పోస్టు కట్టే టైముకు అందాలని భోజనానికి కూడా పోకుండా రాశాను. సెలవు అర్జీ కూడా అబద్ధం. పెట్టలేదు. నీ మొహం చూడలేక రాలేదు.

దుర్గి ఇంటి తాళంచెవి రిజిస్టరు పోస్టులో పంపాను. ఆ ఇల్లు కూడా నీ పేర రాసి జాన్ సాహెబ్ బాబాయికి పంపాను, ఆయన రిజిస్టరు చేయిస్తాడు. 'ఇచ్చివేసినాను' అనే రాశాను. ఎవడిచ్చాడని రిజిస్ట్రారు అడగనక్కర్లేదు. ఇదేదో గొప్ప పని అని రాయడంలేదు. నువ్వు క్షమించాలనీ అడగడంలేదు.

పుల్లారావు.


దుర్గి,
12-5-49.

చిరంజీవి తమ్ముడు పుల్లారావును అక్క యశోద ఆశీర్వదించి రాయునది. ఇక్కడ కుశలం. అక్కడి సంగతి నువ్వు రాయి, నీ తరఫున కూడా నేనే చెప్పడం దేనికి?

తాళం తుప్పుపట్టి రాలేదు, పగలగొట్టించాను. నేనే పగలగొట్టించాను. అన్నపూర్ణ బడికి పోతున్నది. వచ్చేటప్పుడు ధనమ్మ ఊరి చివరిదాకా వెంట వచ్చింది. "నువ్వు పోతే నాకెవరున్నారక్కా?" అని ఏడ్చింది. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు రమ్మని చెప్పి వచ్చాను.

చేను చూడబోతే పక్కవాడు గట్టు మీదుగా రెండు బారలు లోపలికి దున్నుకున్నాడు. అడిగితే "ఆడకూతురి చేను గదా, అడ్డేముందిలే" అన్నాడు. అందుకని హద్దు రాయి పాతిద్దామని శిల్పాలు చెక్కే వీరయ్య బాబాయి దగ్గరకు పోయాను. ఆయనకు కళ్ళు మందగించాయి గాని చెయ్యి మందగించలేదు. ఒక నంది చెవి చెక్కుతూ "ఉత్త హద్దు రాయా, శాసనం కూడానా?" అని అడిగాడు. ఆ మాట వినేసరికి నాకు నవ్వాగలేదు. నీ సంగతంతా చెప్పాను. ఇంకా కాకముందే శాసనము చేయబడినది అని అచ్చు వేస్తారట బాబాయ్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "అదేందమ్మా? చెక్కినాక శాసనం అంటాం. చెక్కకముందు దాన్ని రాయి అంటాం" అన్నాడు.

ఏం చెక్కమంటావని అడిగాడు. ఎవరి భార్యవో ఉండాలి గదా అన్నాడు. మళ్ళీ తనే "మొగుడి పేరు నువ్వు నోటితో చెప్పబాకులే, పిల్లను పిలువు, అది చెబుద్ది" అన్నాడు. పదకొండేళ్ళుగా అదే గదా చేసింది. రేషను కార్డుకూ అన్నపూర్ణే చెప్పింది, జనాభా లెక్కల వాడికీ పక్కింటి కోటమ్మే చెప్పింది. నీకు రాసిన ఉత్తరాలన్నిట్లో కూడా మీ బావ, మీ బావ అనే రాశాను. చేసినవాడి పేరు లేకుండా మాట్లాడుతున్నారని మీ గవర్నమెంటు మీద అంతెత్తున లేచాను గాని, నేను చేసిందీ అదే. వీరయ్య బాబాయి ముందు నిలబడి "హనుమంతరావు" అన్నాను. ఏమీ కాలేదు. ఆయన వినబడలేదనుకుని మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి గట్టిగా చెప్పాను.

రాయి మీద నాలుగు ముక్కలు చెక్కించాను.

హనుమంతరావు రెండో పెళ్ళి చేసుకున్నాడు.
యశోద ఆ ఇల్లు వదిలింది.
ఈ చేను యశోదది.
యశోద చెక్కించింది.

చివరి ముక్క దగ్గర ఆయన "చెక్కబడినది అని పెడితే పెద్దరికంగా ఉంటదేమో, మద్రాసోళ్ళ మాదిరి" అన్నాడు, నన్ను ఆట పట్టించడానికి. వద్దన్నాను.

మొన్న ఆదివారం పాతాం. నిన్న హనుమంతరావు వచ్చాడు. అసలు ముహూర్తం పెట్టుకున్న వైశాఖం గదా ఇది. పొలం పనులకు మనిషి లేదని, ధనమ్మకు ఏమీ చేతగాదని, తిరిగి రమ్మని చెప్పడానికి వచ్చాడు. ఇంటికి పోయి, నేను లేకపోతే చేను దగ్గరకొచ్చాడు. నేను కంచెకు ముళ్ళకంప వేస్తున్నాను. రాయి దగ్గర ఆగాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. తన పేరు దగ్గర రెండుసార్లు ఆగాడు. మొహం ఎర్రగా అయింది.

"ఏందే ఇది? ఎవురు చెయ్యమన్నారు నిన్ను?" అన్నాడు.

"ఎవురూ అన్లా. నేనే చేశా" అన్నాను.

ఇంకేమంటాడో అని కంప పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. బండి ఎక్కి పోయాడు.

సెలవుకు అర్జీ పెట్టు. పెట్టబడింది అని రాయకు, పెట్టి రా. మిరప నారు పోయడానికి నాకు ఇంకో మనిషి కావాలి.

ఇట్లు,
యశోద.